మూడో తరగతి బాబుకు ఒత్తులు రావడం లేదన్న ప్రశ్నకు సమాధానం

మీ బాబు విన్న పాఠాన్ని తడుముకోకుండా అప్పజెబుతాడని, కొత్త పేజీ ఇస్తే మాత్రం ఒత్తుల దగ్గర ఆగిపోతాడని, బడిలో దాన్ని బద్ధకం అంటున్నారని రాశారు. దయచేసి ఆ మాటను ఇంట్లో వాడకండి. హార్వర్డ్‌లో విద్యాశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన జీన్ చాల్, చదవడం నేర్పే పద్ధతులపై అప్పటివరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి, అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని మొదటినుంచీ నేరుగా నేర్పడమే మేలని 1967లో వెలువడిన గ్రంథంలో తేల్చారు. ఆమె పరిశీలించింది ఇంగ్లీషు చదువును. మన లిపిలో గుణింతాలకు ఒత్తులు కూడా తోడవుతాయి కనుక, ‘అమ్మ’, ‘అక్క’ వంటి ద్విత్వాలతో మొదలుపెట్టి, అవి కుదిరాకే ‘పద్యం’, ‘చంద్రుడు’ వంటి మాటలకు వెళుతూ, రోజూ పావుగంట పలికించి రాయించండి. ముందుగా చూపు, వినికిడి పరీక్షలు చేయించండి. కొన్ని నెలలైనా మార్పు కనబడకపోతే, హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి, తెలుగులో కూడా పరీక్షించగల క్లినికల్ సైకాలజిస్టును కలవండి. అభ్యసన వైకల్యాలను, అంటే తెలివితేటలున్నా చదవడం, రాయడం వంటివాటిలో ఎదురయ్యే ఇబ్బందులను, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది.