గాలి ఎటు పోతా ఉందో చూసుకో అల్లుడా

అల్లుడా, బాగుండావా. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి చెప్పింది, నువ్వు డెన్వర్‌లో ఆఫీసు వాళ్లతో కలిసి అక్టోబర్‌లో ఎల్క్, అదే అక్కడి పెద్ద జింక, దాని వేటకి పోతా ఉండావంట, మనిషి వాసన జంతువుకి తెలీకుండా చేసే ఓజోన్ మెషిన్ ఒకటి, లోపల బొగ్గు ఉండే డ్రెస్సు ఒకటి కొనాలని చూస్తా ఉండావంట, కొనేముందు మామని ఒక మాట అడగమన్నావంట. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే కూర్చొని టైప్ చేస్తా ఉండా, రోంత పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందే ఒక మాట. నేను తుపాకి పట్టినోడిని కాదు. తాత కాలంలో మనోళ్లు కణితిని, అంటే సాంబార్ జింకని, అడవిపందిని కొట్టేవాళ్లు గానీ 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినాక మన దగ్గర వేట నేరం, నా ఉద్యోగమే ఉచ్చులు ఏరేసేది, వేటకొచ్చినోళ్లని పట్టుకునేది. ముప్పై ఏండ్లు ముందు తలకోన పక్క, తర్వాత పలమనేరు కాడ కౌండిన్య అడవిలో వాచర్‌గా తిరిగినా. జంతువుల లెక్కకి పోయినప్పుడు, ఏనుగుల వెనకాల పోయినప్పుడు, వాటికి మన వాసన తగలకుండా దగ్గరికి పోవాల్సిందే కదా, ఆ పని మాత్రం నాకు బాగా తెలుసు. మీ కొలరాడో రాష్ట్రంలో లైసెన్సు తీసుకొని పోతా ఉండావు, అది అక్కడి చట్టం, నేను అడ్డం రాను. కానీ చేసేది సరిగ్గా చెయ్యి. వాసన తగిలి బెదిరిన జంతువు నిలబడదు, పరిగెత్తే దాన్ని కొడితే కడుపులోనో కాలికో తగిలి ఏ లోయలోనో రెండు రోజులు పడి చస్తాది. బెదరకుండా పక్కకి తిరిగి నిమ్మళంగా నిలబడితేనే ఒక్క గుండుతో పోతాది. అందుకే ఈ వాసన సంగతి ఇంత చెప్తా ఉండేది.

ఒక ఎండాకాలం పున్నమి రాత్రి లెక్కకి తలకోన పైన సాసర్ పిట్ కాడ మంచె ఎక్కినాం, నేను, ఇంకో వాచర్. నేను ఆ రోజు సబ్బు లేకుండా స్నానం చేసినా, బీడీ లేదు, వక్కాకు లేదు, చొక్కా రెండు రోజులు వేపచెట్టుకి ఆరేసి వేసుకున్నా, ఇంక నా వాసన ఏ జంతువుకీ రాదు అని ధీమాగా ఉన్నా. మంచె ఉండేది వంకకి పై పక్క, నీళ్లు కింద. పొద్దు గుంకింది, చల్లబడింది. ఏడున్నర అయ్యుంటాది, ఒక ఆడ కణితి పొదల్లోంచి మొగం బయట పెట్టింది, ముక్కు తడితో మెరస్తా ఉంది, చెవులు రెండూ ముందుకి తిప్పింది, ఒక అడుగు వేసింది, ఆగింది, ముక్కు పైకెత్తి రెండు సార్లు గాలి పీల్చింది. అంతే, ముందు కాలు నేలకేసి దబ్బున కొట్టి, తోక నిక్కబొడిచి, ‘ఢాంక్’ అని ఒక్క అరుపు, కొండంతా మోగింది. తెల్లారేదాకా ఒక్కటీ నీళ్లకి రాలేదు. ఎండాకాలం, దూరం నుంచి దప్పికతో వచ్చిన జంతువు, నా వల్ల నీళ్లు తాగకుండా పోయిందే అని ఆ రాత్రంతా మనసు ఒకటే పీకింది. మరుసటి రోజు అదే చొక్కాతో, స్నానం కూడా చెయ్యకుండా, చెమటతోనే నీళ్లకి కింద పక్క బండ చాటున కూర్చున్నాం. కణితులు మూడు వచ్చి ముప్పై నలభై అడుగుల దూరంలో కడుపునిండా తాగి పోయినాయి.

తేడా ఎక్కడుందో చూడు. కొండల్లో పొద్దు ఎక్కి వాలు వేడెక్కితే గాలి పైకి పోతాది, పొద్దు గుంకి చల్లబడితే ఆ చల్లగాలి బరువెక్కి వంకలోకి నీళ్లు దిగినట్టే కిందికి దిగతాది. మొదటి రాత్రి నేను పైన, కణితి కింద, నా వాసన నేరుగా దాని ముక్కు మీదికి దిగింది. మీ రాకీ కొండల్లో ఇదే ఇంకా గట్టిగా ఉంటాది. కాబట్టి సాయంత్రం ఎల్క్ నీకు పైన ఉండేట్టు చూసుకో, పొద్దున వాలుకి ఎండ తగిలి గాలి పైకి తిరిగినాక నువ్వే పైన ఉండాలి. ఎండ రాకముందు మాత్రం గాలి ఇంకా కిందికే దిగతా ఉంటాది, తెల్లారింది కదా అని తొందరపడి పైకి ఎక్కొద్దు. అన్నిటికంటే పాడు సమయం గాలి తిరిగే అరగంట, అప్పుడు అది సుళ్లు తిరగతాది, ఎటు పోతాదో దానికే తెలీదు, ఆ టైమ్‌లో ఉన్నచోటే ఉండు, దగ్గరికి పోవద్దు. పొద్దున నీడ వాలులో గాలి ఆలస్యంగా తిరగతాది, ఇదీ గుర్తు పెట్టుకో.

గాలి కనిపెట్టేదానికి మేము పొయ్యి బూడిద పాత మేజోడులో కట్టుకొని తట్టేవాళ్లం. కానీ బూడిద నాలుగడుగుల్లో మాయమైపోతాది, దానికంటే జిల్లేడు దూది శానా మేలు. కాయ పగిలితే వచ్చే తెల్లటి పట్టు దారం ఒక్కటి వదిలితే కంటికి ఆనినంత దూరం పోతాది, ముందు ఎడమకి పోయి, చెట్టు దాటినాక కుడికి తిరిగి, వంకలోకి దిగేది అంతా కళ్ల ముందే కనపడతాది. మీ దగ్గర మిల్క్‌వీడ్ అంటారే, అదీ జిల్లేడు జాతే, అక్కడి వేటగాళ్లు కూడా దాన్నే జేబులో పెట్టుకుంటారు.

ఇప్పుడు నీ మెషిన్ సంగతి. ఓజోన్ అంటే మూడు ఆక్సిజన్ పరమాణువులు, అది వాసన అణువుల్ని తగులుకొని విరిచేస్తాది, అది నిజమే. కానీ అది పని చేసేది మెషిన్ ఊదే ఆ సన్న పాయలోనే, నీ తల మీద పెట్టి గాలి పోయే వైపు తిప్పాలి, గాలి తిరిగితే నువ్వూ తిప్పాలి, సుళ్లు తిరిగే కొండలో అది ఎంతవరకు పట్టుకుంటాది చెప్పు. చెట్టు మీద ఒకే చోట కూర్చొనే వాళ్లకి రోంత సాయం, ఎల్క్ వెనకాల నడిచే వాడికి బరువు. ఇంకోటి, ఓజోన్ ఊపిరితిత్తులకి మంచిది కాదు నాయనా, మీ దేశంలోనే పనిచేసే చోట ఎనిమిది గంటలకి గాలిలో పది లక్షల వంతుల్లో 0.1 వంతు దాటకూడదని లిమిట్ పెట్టినారు. కారులో, టెంట్‌లో మూసుకొని అస్సలు ఆన్ చెయ్యొద్దు, చిన్నప్పుడు నీకు ఆయాసం ఉన్నింది, అక్క నిన్ను ఎత్తుకొని ఎన్నిసార్లు రుయా ఆసుపత్రికి పరిగెత్తిందో నాకు తెలుసు. బట్టలకి సంచిలో పెట్టి వాడుకుంటానంటే వాడు, కానీ తీసినాక బయట ఆరబెట్టు, అది రబ్బర్నీ ఎలాస్టిక్‌నీ తినేస్తాది, బూట్లు మాత్రం అందులో పెట్టొద్దు.

బొగ్గు డ్రెస్సు, అది కొత్తలో వాసనని రోంత పట్టుకుంటాది. డ్రయ్యర్‌లో వేస్తే మళ్లీ కొత్తదవుతాది అంటారు, ఫ్యాక్టరీల్లో వాడేసిన బొగ్గుని మళ్లీ పనికొచ్చేట్టు చెయ్యాలంటే దాదాపు 800 డిగ్రీల వేడి పెడతారు, ఇంట్లో డ్రయ్యర్ దాని దాపుకైనా పోతాదా. ఆ డబ్బులతో మంచి బూట్లు కొనుక్కో.

నీ అసలు సమస్య వేరే ఉంది, అది మన వంటిల్లు. అమ్మాయి ఇంగువ తిరగవాత వేస్తే ఆ వాసన హాల్లో తగిలించిన జాకెట్‌కి వారం ఉంటాది, అక్కడ చలికి కిటికీలు కూడా తెరవరు కదా. దేవుడి కాడ సాంబ్రాణి, ఊదుబత్తి కూడా అంతే. వేట బట్టలు వాసన లేని సోపుతో ఉతికి, బయట ఆరేసి, మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టు, ఇంట్లో తెరవొద్దు, అడవి కాడ కారు దిగినాకనే వేసుకో. తెల్లగా మెరిపించే సర్ఫు వాడొద్దు, జింక జాతి జంతువులకి నీలం రంగు బాగా ఆనతాది, దాని మెరుపు మనకంటే వాటికే ఎక్కువ కనపడతాది. ఆరెంజ్ రంగు వాటికి మనకి కనపడినంత కొట్టొచ్చినట్టు కనపడదు, కాబట్టి కొలరాడోలో రైఫిల్ వేటకి నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ గానీ పింక్ గానీ, తల మీద అట్లాంటి రంగు టోపీ పెట్టుకోమనే రూల్ ఉంది కదా, దాన్ని జంతువు చూస్తాదేమో అని తీసెయ్యొద్దు, అది పక్కోడి గుండు నీకు తగలకుండా. ముందు రోజే పెట్రోలు పట్టించు, ఆ వాసన చేతికంటితే పోదు. రెండు రోజులు వెల్లుల్లి కారం మానెయ్, చంక చెమట వాసన చెమటది కాదు దానిమీద బతికే బ్యాక్టీరియాది, కాబట్టి తెల్లారి స్నానం చేసి, కొండ ఎక్కేటప్పుడు జాకెట్ విప్పి మెల్లగా నడిచి, పైకి పోయినాక వేసుకో. ఇవన్నీ చేసినా వాసన పూర్తిగా పోదు, తగ్గతాది, అంతే.

ఇది వేటకే కాదు. పలమనేరు పక్క ఏనుగుల్ని చేన్ల నుంచి తరిమేదానికి పోయినప్పుడు ఒకసారి గాలి మా వీపు మీదుగా ఒక ఏనుగు వైపు తిరిగింది. ఒంటరి మగ ఏనుగు, తొండం పాములాగా పైకెత్తి మా వైపే తిప్పి ఒక్క నిమిషం అట్లే నిలబడింది. మాతో వచ్చిన పిల్లోడు నవ్వతా ఉన్నాడు, వాడి చెయ్యి పట్టి లాగి మామిడితోపులోకి పరిగెత్తినాం, మేము నిలబడిన చోటి మోటర్ షెడ్డు రేకులు పొద్దునకి నేల మీద ఉన్నాయి.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసినావా లేదా రాయి, 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్లకి అది లేకుండా అక్కడ లైసెన్సు ఇవ్వరు. కొట్టిన దాని మాంసం కొండ మీద వదిలేసి రావద్దు, అక్కడ అది నేరం కూడా.

మెషిన్ ఆర్డర్ ఇప్పుడే పెట్టొద్దు. సెప్టెంబర్‌లో మిల్క్‌వీడ్ కాయలు పగలతాయి, దూది తీసి గింజలు రాల్చి చిన్న డబ్బాలో పెట్టుకొని, సీజన్ ముందు శని ఆదివారాలు నువ్వు కూర్చోబోయే చోటికే పోయి పొద్దున ఆరుకి, తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకి, ఆరున్నరకి ఒక్కో దారం వదిలి ఎటు పోయిందో రాసుకో. ఆ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో నాకు పంపు, యాడ కూర్చోవాలో చూసి చెప్తా.

మీ మామ