నీలం డికాంటర్ మీద బంగారు అక్షరాలు చెరిగిపోయాయి, కొనొచ్చా?

సంతలో చూసిన ముదురు నీలం డికాంటర్ (మద్యం పోసి ఉంచే బిరడా గాజు సీసా) మీద 'హాలండ్స్' అన్న బంగారు అక్షరాలు సగం చెరిగి ఉన్నాయనీ, అమ్మేవాళ్లు 'బ్రిస్టల్ బ్లూ' అంటున్నారనీ రాశారు. గాజు బాగుంటే కొనండి. నేనైతే తళతళలాడే పూత కన్నా అలా చెరిగినదాన్నే ముందు చేతిలోకి తీసుకుంటాను.

ముందు ఆ పేరు సంగతి. బ్రిస్టల్ బ్లూ అన్నంత మాత్రాన బ్రిస్టల్‌లో చేసిందని కాదు. కోబాల్ట్‌తో వచ్చే ఆ రంగుకే ఆ పేరు స్థిరపడిపోయింది. అలాంటి గాజు ఇంగ్లండ్‌లో చాలాచోట్ల చేశారు. 1800 ప్రాంతంలో బ్రిస్టల్‌లో ఐజాక్ జేకబ్స్ అనే గాజు తయారీదారు తన సామాను కొన్నిటికి అడుగున బంగారంతో సంతకం పెట్టించాడు. ఆ సంతకం లేనిదానికి బ్రిస్టల్ ధర ఇవ్వకండి.

హాలండ్స్ అంటే డచ్చివాళ్ల జిన్. రమ్, బ్రాందీ, హాలండ్స్ డికాంటర్లు మూడూ ఒక సెట్‌గా ఉండేవి. సీసా మెడలో గొలుసుతో వేలాడే వెండి బిళ్లలా బంగారంతో బొమ్మ గీసి, అందులో పేరు రాసేవారు.

ఇక అసలు పరీక్ష. పది రెట్లు చూపే భూతద్దం తీసుకెళ్లండి. బంగారం మీదుగా పోయిన గీత ఒకటి వెతకండి. గీత బంగారాన్ని కోసుకుంటూ పోయి, లోపల నీలం గాజు కనిపిస్తే మంచిదే. గీత లోపల కూడా బంగారం ఉంటే, గాజు అరిగాక ఎవరో మళ్లీ పూత వేయించారన్నమాట. ఈ ఒక్కటి తెలియక నేను మొదటి రెండేళ్లలో రెండు డికాంటర్లు ఎక్కువ ధరకి కొన్నాను. అడుగు కూడా తిప్పి చూడండి. బల్ల మీద ఆనే అంచు మీద మాత్రమే, అన్ని దిక్కులకీ సన్నటి గీతలుండాలి. అన్నీ ఒకే వైపుకి ఉంటే గరుకు కాగితంతో రుద్దారని అనుమానించండి.

కొన్నాక దయచేసి తోమకండి. ఇది చెప్పడానికే ముఖ్యంగా రాస్తున్నాను. నా మొదటి రమ్ డికాంటర్‌ని, అమ్మ ఇత్తడి చెంబులు తోమినట్టు, తడి గుడ్డ మీద వంటసోడా వేసి రుద్దాను. బిరడా మీది 'ఆర్' అక్షరం కాలు నా కళ్ల ముందే గుడ్డకి అంటుకుని వచ్చేసింది. రెండు వందల ఏళ్లు నిలిచిన బంగారం. ఇప్పటికీ ఆ బిరడా చూస్తే మనసు చివుక్కుమంటుంది. కొలిమిలో కాల్చిన పూత కాస్త గట్టిగా ఉంటుంది గానీ, నూనె జిగురు మీద అతికించింది ఇట్టే ఊడుతుంది. అందుకే గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి, బంగారం లేనిచోట మాత్రమే తుడవండి. లోపల నీళ్లు నిలవ ఉంచకండి, గాజుకి పొగపట్టినట్టు తెల్లమచ్చ వస్తుంది. అది కడిగితే పోదు.

వీలైతే ఒక పూట లండన్‌లోని వి అండ్ ఎ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్) మ్యూజియంలో గాజు గ్యాలరీ చూసి రండి, ప్రవేశం ఉచితమే. అసలు పూత ఎంత పల్చగా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

డబ్బులిచ్చే ముందు బిరడా తీసి చూడండి. దాని మీద 'హెచ్' ఉండాలి, మెడలో ఊగకుండా కూర్చోవాలి. 'బి' గానీ 'ఆర్' గానీ ఉంటే అది వేరే సీసాది, ధర బాగా తగ్గించమని అడగండి.