పందెం 20 డాలర్లు, పోయింది 420

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 36. హెచ్‌-1బీ మీద ఐటీ ఉద్యోగం. భార్యది ఆయన మీద ఆధారపడిన హెచ్‌-4 వీసా, పని చేసే అనుమతి ఇంకా రాలేదు. నాలుగేళ్ల పాప. నెలకు చేతికొచ్చేది 8,200 డాలర్లు. ఇంటి వాయిదాతో కలిపి ఖర్చు 6,000. బ్యాంకులో 6,300 ఉన్నాయి. క్రెడిట్ కార్డుల మీద 24 శాతం వడ్డీతో 11,000 బాకీ. 401కె, అంటే కంపెనీ ద్వారా జీతంలోంచి దాచుకునే రిటైర్‌మెంట్ ఖాతాలో 72,000.

ఏడాదిన్నర కిందట ఆఫీసు స్నేహితులతో కలిసి గోల్ఫ్ మొదలుపెట్టారు. శనివారం పొద్దున నలుగురు కలుస్తారు, సరదాకి పందెం వేసుకుంటారు. మొదట్లో 5 డాలర్లు ఉండేది, ఇప్పుడు 20 అయింది. ఆయన మాటల్లోనే: "మొన్న ఒక్క రోజే 420 పోయాయి. 20 డాలర్ల పందేనికి అంత ఎలా పోయిందో నాకే అర్థం కాలేదు. ఒక ఫ్రెండ్‌కి 1,150 ఇవ్వాలి, పర్లేదు తర్వాత ఇవ్వు అంటున్నాడు. పందెం మానేస్తానంటే బాగుండదు, మా మేనేజర్ కూడా ఆ నలుగురిలో ఒకరు. 401కె నుంచి 25,000 లోన్ తీసుకుని కార్డులు కట్టేసి, మిగిలిన దాంతో ఒక ప్రైవేట్ క్లబ్‌లో చేరదామనుకుంటున్నాను. నా డబ్బే కదా, వడ్డీ కూడా నాకే వస్తుంది. కరెక్టేనా?"

కాదండీ. ఆ లోన్ వద్దు, ఆ క్లబ్ వద్దు. గోల్ఫ్ మానేయమని మాత్రం నేను చెప్పను.

ఉత్తరాలు చాలా వస్తాయి. దీనికి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో ఉన్న పొరపాటు గోల్ఫ్ ఆడని వాళ్లూ చేస్తారు. పందెం ఎంత అని అడుగుతారు, ఈ రోజు ఎక్కువలో ఎక్కువ ఎంత పోవచ్చు అని అడగరు. ఉద్యోగం విషయంలోనూ అంతే. జీతం ఎంత అని చూసుకుంటారు, అది ఆగిపోతే ఎన్ని నెలలు నిలబడగలం అని లెక్కేసుకోరు.

ముందు ఆ 420 సంగతి తేలుద్దాం. మీరు ఆడేది నాసో. అంటే ఒక పందెం కాదు, మూడు. మొదటి తొమ్మిది హోల్స్‌కి, అంటే బంతి వేయాల్సిన గుంతలకి, ఒకటి, తర్వాతి తొమ్మిదికి ఒకటి, మొత్తం 18కి ఒకటి. మూడూ ఓడినా 60 డాలర్లే. మీ గుంపులో రెండు హోల్స్ వెనకబడగానే దానంతటదే ప్రెస్ పడుతుందని రాశారు. ప్రెస్ అంటే అక్కడి నుంచి ఇంకో 20 డాలర్ల కొత్త పందెం, పాతది అలాగే ఉంటుంది. మొదటి తొమ్మిదిలో అసలు పందెంతో పాటు రెండు ప్రెస్‌లు పోతే 60. తర్వాతి తొమ్మిదిలోనూ అంతే, ఇంకో 60. మొత్తానికి పెట్టిన 20 కలిపితే 140. పైగా మీరు జట్లుగా ఆడటం లేదు, ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురితో విడివిడిగా ఆడుతున్నారు. 140ని మూడుతో గుణిస్తే 420.

ఈ ఆట న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని నాసో కంట్రీ క్లబ్‌లో 1900 ప్రాంతంలో పుట్టింది. భారీ తేడాతో ఓడిన సభ్యుడికి పరువు పోకుండా, ఎంత ఘోరంగా ఆడినా మూడు పాయింట్లకు మించి ఓడకుండా ఉండాలనే దీన్ని కనిపెట్టారని చెబుతారు. అంటే నష్టానికి కట్టిన గట్టు ఇది. ప్రెస్ ఆ గట్టుకి గండి కొడుతుంది. పోయిన చోటే వెతుక్కోవాలని మనవాళ్లు అంటారు కదా, ప్రెస్ వెనక ఉన్నది సరిగ్గా ఆ ఆలోచనే. డబ్బు విషయంలో అంతకంటే ఖరీదైన సామెత నాకు తెలీదు.

ఇంకో విషయం మీరు మామూలుగా రాసేశారు గానీ నన్ను ఆపేసింది. మీ హ్యాండిక్యాప్ 26, మిగతా వాళ్లవి 12 దగ్గర. హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయి చెప్పే అంకె, అది ఎంత ఎక్కువైతే ఆట అంత బలహీనం. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో (స్ట్రోక్‌లు) ముగించిన వాళ్లది గెలుపు, అందుకే బలహీనుడికి కొన్ని స్ట్రోక్‌లు తగ్గించి లెక్కేస్తారు. "వాళ్లు నాకు 8 స్ట్రోక్‌లు ఇస్తున్నారు" అని సంతోషంగా రాశారు. అమెరికాలో 2020 నుంచి నడుస్తున్న ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో ఇద్దరి మధ్య విడిగా జరిగే మ్యాచ్‌కి తేడా మొత్తం ఇవ్వాలని సిఫార్సు ఉంది. అంటే మీకు రావాల్సినవి దాదాపు 14. ప్రతి శనివారం మొదటి బంతి కొట్టకముందే మీరు ఆరు స్ట్రోక్‌లు వెనక ఉన్నారు. స్నేహితులు కావాలని చేశారని నేను అనను. కానీ ఈ లెక్క డబ్బు పెట్టేముందు అడగాల్సింది మీరే. అడగడం మర్యాద తక్కువ కాదు.

మర్యాద మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మీ భయమంతా దాని గురించే ఉంది. పందెం కాదంటే ఏమనుకుంటారో అని. నిజానికి గోల్ఫ్‌లో పందెం మర్యాద మీ వైపే ఉంది. ఆట నియమాలు రాసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు ఎలాంటి పందేన్ని తప్పు పట్టవో చెప్పాయి. ఆడేవాళ్లు ఒకరికొకరు తెలిసి ఉండాలి, పాల్గొనడం ఎవరిష్టం వాళ్లది, డబ్బు ఆడేవాళ్లదే అయి ఉండాలి, అసలు ఉద్దేశం ఆట ఆనందం, మొత్తం మరీ ఎక్కువ కాకూడదు. మీ శనివారం ఆట ఇందులో రెండు చోట్ల తప్పింది. కాదనడానికి మీకు భయంగా ఉంది కాబట్టి అది మీ ఇష్టం కాదు. కార్డు కంపెనీ దగ్గర తెచ్చి కడుతున్నారు కాబట్టి అది మీ డబ్బూ కాదు.

మంచి గుంపుల్లో మాటలన్నీ మొదటి టీ దగ్గరే, అంటే ఆట మొదలుపెట్టే చోటే అయిపోతాయి. పందెం ఎంత, ఎవరికి ఎన్ని స్ట్రోక్‌లు, ప్రెస్ ఉందా లేదా, ఉంటే ఎదుటివాళ్లు కాదనొచ్చా, బంతి హోల్‌కి ఎంత దగ్గరగా ఉంటే ఆఖరి చిన్న దెబ్బ (పట్) కొట్టకుండానే పడినట్టు ఒప్పుకోవాలి, అన్నీ. ఏడో హోల్ దగ్గర కొత్త రూల్ పుట్టకూడదు. అందరిలో ఎవరి చేతిలో డబ్బు తక్కువో వాళ్ల స్థాయిలో పందెం ఉండాలి, ఎక్కువున్న వాళ్ల స్థాయిలో కాదు. ఆట కాగానే కూర్చున్న చోటే లెక్క చూసి, జేబులోంచి తీసి ఇచ్చి, చేతులు కలిపి ఇంటికెళ్లాలి. వచ్చే వారానికి మిగలకూడదు.

మీ విషయంలో చెడిపోయింది ఇక్కడే. "పర్లేదు తర్వాత ఇవ్వు" అన్న మాటతో ఆట పందెం అప్పుగా మారింది. ఇప్పుడు మీరు ఆ స్నేహితుడి ఎదురుగా నిలబడి "ఈ రోజు ప్రెస్ వద్దు" అనలేరు, ఎందుకంటే ఆయనకు బాకీ ఉన్నారు. గెలిచి తీర్చేద్దామని పందెం పెంచుతారు. పాత బాకీలు పేమెంట్ యాప్‌లో క్రెడిట్ కార్డు పెట్టి కట్టానని కూడా రాశారు. ఇది చదివి నాకు కోపం వచ్చింది, దాచుకోను. కార్డుతో పంపితే ఆ యాప్‌లు సాధారణంగా 3 శాతం దాకా ఫీజు తీసుకుంటాయి. కొన్ని కార్డులు దాన్ని క్యాష్ అడ్వాన్స్‌గా, అంటే కార్డు మీద నగదు తీసుకున్నట్టుగా లెక్కేసి మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తాయి. పందెంలో ఓడిన డబ్బు మీద వడ్డీ కట్టడమంటే అదే ఆట మళ్లీ మళ్లీ ఓడటం.

వచ్చే శనివారం మొదటి టీ దగ్గర అనాల్సింది ఇంతే: "బావా, నేను ఇక 2 డాలర్ల నాసోనే. ప్రెస్‌లు లేవు. ఇద్దరిద్దరం జట్లుగా ఆడదాం." ఎంత ఘోరంగా ఓడినా 6 డాలర్లు. కారణాలు చెప్పొద్దు, క్షమాపణలు వద్దు. మిగతా ముగ్గురూ వాళ్లలో వాళ్లు 20కి ఆడుకుంటే ఆడుకోనివ్వండి. మీ మేనేజర్ గురించి నాకు దిగులు లేదు. ఆటలో పరిచయం పెరిగేది నాలుగు గంటలు పక్కన నడవడం వల్ల. చేతిలో పెట్టే నోటు వల్ల కాదు.

ఇక 401కె. మీరు అడగొచ్చు, నిజమే, ఖాతాలో మీకు హక్కున్న దాంట్లో సగం దాకా, 50,000 మించకుండా లోన్ ఇస్తారు. మీకు 25,000 వస్తుంది. వడ్డీ మీ ఖాతాకే వెళ్తుంది, అదీ నిజమే. కానీ ఐదేళ్ల పాటు నెలకు దాదాపు 500 డాలర్లు జీతంలోంచి కోసుకుంటారు. ఆ డబ్బు అన్నాళ్లూ మార్కెట్‌లో ఉండదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఉద్యోగం పోయిన రోజున ఉంది. చాలా కంపెనీల్లో ఉద్యోగం పోతే మిగిలిన లోన్ మొత్తం మీద పడుతుంది. ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా ఆ మొత్తం సర్దలేకపోతే, దాన్ని మీరు ఖాతాలోంచి తీసేసుకున్నట్టు లెక్కేసి ఆదాయపు పన్ను వేస్తారు, పైన ఇంకో 10 శాతం జరిమానా. 24,000 మిగిలి ఉంటే జరిమానా ఒక్కటే 2,400. జీతం లేని నెలల్లో వచ్చే బిల్లు ఇది.

క్లబ్ సంగతి ఒక్క మాటలో: చేరే ఫీజు తలుపు తాళం మాత్రమే. లోపల నెలవారీ చందా, తినకపోయినా కట్టాల్సిన భోజనం బిల్లు ఎదురుచూస్తుంటాయి. గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా తన ప్రధాన కార్యాలయాన్ని 2022లో మీ ఊరికి తెచ్చుకుంది, ఆ చుట్టుపక్కల ఏ మాట మొదలైనా గోల్ఫ్ దగ్గరికే వస్తుందని తెలుసు. పబ్లిక్ కోర్సులో సాయంత్రం తొమ్మిది హోల్స్ ఆడుకోండి, ఏమీ తక్కువ కాదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న దానికి వస్తాను. మీ దగ్గర ఉన్నది 6,300. నెల ఖర్చు 6,000. అంటే మీ కుటుంబానికి ఉన్న ఊపిరి ఒక్క నెల. హెచ్‌-1బీ మీద ఉద్యోగం పోతే మీకు దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వీసా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఆ 60 రోజుల్లో ఇంటి వాయిదా ఆగదు. ఆరోగ్య బీమాని కోబ్రా అనే చట్టం కింద కొనసాగించుకోవచ్చు గానీ, ఇప్పటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి, పైన 2 శాతం అదనం. వెళ్లిపోవాల్సి వస్తే మూడు విమాన టికెట్లు, ఇల్లు అమ్మకం, కారు అమ్మకం, అన్నీ తొందరలో, వచ్చిన ధరకి. 2022 చివర్లో, 2023 మొదట్లో లేఆఫ్‌లు వరసగా వచ్చినప్పుడు నాకు ఫోన్ చేసిన వాళ్లలో మంచి జీతాలున్న వాళ్లే ఎక్కువ. చేతిలో ఆరు నెలల ఖర్చు ఉన్న వాళ్లు ఉద్యోగం వెతుక్కుంటున్నామని చెప్పారు. లేని వాళ్లు ముందు వచ్చిన ఆఫర్ ఏదైనా సరే అన్నారు. ఆ రెండు గొంతుల్లో తేడా నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, 36,000. షేర్లలో కాదు, ఇండియాలో కాదు, అడిగిన రోజు చేతికొచ్చే మంచి వడ్డీ సేవింగ్స్ ఖాతాలో, ఇక్కడే. ఇప్పుడున్న 6,300 ముట్టుకోవద్దు. నెలకు మీకు మిగలాల్సినవి 2,200. ఈ నెల అందులోంచి 1,150 స్నేహితుడికి ఇచ్చేయండి, మిగిలింది కార్డుకి. వచ్చే నెల నుంచి నెలకు 2,000 కార్డులకే వెళ్లాలి, ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు. ఆరేడు నెలల్లో 11,000 తీరిపోతాయి. ఆ తర్వాత అదే 2,000 సేవింగ్స్‌లోకి మళ్లించండి. పదిహేను నెలల్లో 36,000 అవుతాయి. బోనస్ వస్తే ఇంకా ముందే. గోల్ఫ్‌కి నెలకు 200, గ్రీన్ ఫీజు (కోర్సులో ఆడటానికి కట్టేది), పందెం, సమోసాలు అన్నీ అందులోనే. అది జేబులో నోట్లుగా ఉండాలి. అయిపోతే ఆ నెల ఆట లేదు.

మీరు అడిగిన మిగతావి. సున్నా వడ్డీ కార్డుకి బాకీ మార్చుకోవడం: ఫీజు చూసుకుని చేయొచ్చు, పాత కార్డులు కత్తిరించాకే. ఇంటి మీద లోన్: ఇల్లు పందెంలో పెట్టకండి. నాన్నగారి డిపాజిట్ విరగ్గొట్టడం: వద్దు. గెలిచిన డబ్బుకి పన్ను: ఇక్కడ పందెంలో గెలిచినదీ ఆదాయమే. ఓడినదాన్ని దాంట్లోంచి తీసేయడానికి షరతులున్నాయి, 2026 నుంచి అవి ఇంకా బిగిశాయి. కాబట్టి పన్నులో కలిసొస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు.

కంపెనీ ఇచ్చే జీవిత బీమా ఉంది కదా అని రాశారు. అది సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది. కార్డుల బాకీ తీరేదాకా ఆగకుండా ఈ నెలలోనే సొంతంగా ఒక టర్మ్ పాలసీ తీసుకోండి. మీ ఇంట్లో సంపాదించేది మీరొక్కరే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ బాకీల గురించి మీ భార్యకు తెలుసో లేదో ఎక్కడా రాయలేదు. ఆ 60 రోజులు ఆమెవి కూడా. ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని కార్డు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని ఈ లెక్క వేయండి. 401కె లోన్ ఫారం ఆన్‌లైన్‌లో ఇప్పటికే నింపేసి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే సోమవారం పొద్దున ప్లాన్ వాళ్లకు ఫోన్ చేసి రద్దు చేయమనండి.