సందేహాలు – సమాధానాలు: పొల్లా, ఒత్తా?

సందేహం: మేష్టారూ, మాది కావలిలో చిన్న డీటీపీ సెంటరు. ఇన్నాళ్లూ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని చేశాం, ఈమధ్యే కొత్తదైన ఇన్‌డిజైన్‌కి, యూనికోడ్‌కి మారాం. ఇప్పుడు 'ఆన్‌లైన్' అని కొడితే 'ఆన్లైన్' అనీ, 'సాఫ్ట్‌వేర్' అని కొడితే 'సాఫ్ట్వేర్' అనీ పడుతోంది. ఒక కాలేజీ మ్యాగజైన్ ప్రూఫు పంపితే అక్కడి తెలుగు లెక్చరర్ గారు అట్టాంటి ఒత్తు కనిపించిన ప్రతిచోటా ఎర్రపెన్నుతో సున్నా చుట్టి పంపారు. 'నెల్లూర్లో', 'పోస్టర్లు' కూడా తప్పేనంట. ఇది భాషలో తప్పా, కంప్యూటర్లో తప్పా? పనిలో పనిగా 'ఒత్తు' అనాలా, 'వత్తు' అనాలా అది కూడా చెప్పండి.

సమాధానం: సగం కంప్యూటరుది, సగం మనది. ఆ లెక్చరర్ గారిది కూడా కొంచెం ఉంది, అది చివర్లో చెప్తాను.

అను ఫాంటులో 'న్' అనే పొల్లు (అచ్చు లేని హల్లు) ముక్క వేరు, లావత్తు ముక్క వేరు. అవన్నీ ఇంగ్లిషు అక్షరాల గళ్లలో దాచిపెట్టిన బొమ్మలు, అందుకే ఆ మేటర్ని నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లిషు కనిపిస్తుంది. ఏ బొమ్మ పెట్టాలో మీ వేలే నిర్ణయించేది. యూనికోడ్‌లో అట్టా కాదు, ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది, కానీ ఒత్తుకంటూ విడిగా అక్షరమే లేదు. న, పొల్లు గుర్తు, ల వరసగా పడ్డాయంటే చాలు, ఫాంటు వాటిని కలిపేసి నకారానికి లావత్తు ఇచ్చేస్తుంది. 'అన్న'లో నావత్తు వచ్చేదీ, 'ఆన్లైన్'లో లావత్తు వచ్చేదీ ఒకే సూత్రం మీద. ఇది ఇంటి మాట, ఇది పొరుగు మాట అని దానికేం తెలుసు?

దీనికి మందు ఉంది. జీరో విడ్త్ నాన్-జాయినర్ అని కంటికి కనపడని అక్షరం ఒకటి, యూనికోడ్‌లో దాని నంబరు 200సి. పొల్లు కొట్టాక, పక్క హల్లు కొట్టేముందు దాన్ని పెడితే ఆ రెండు హల్లులూ కలవవు. ఇన్‌డిజైన్‌లో అయితే టైప్ మెనూలో ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్‌లోకి వెళ్లి, అందులో అదర్ కింద నాన్-జాయినర్ అని ఉంటుంది. వర్డ్‌లో మేటర్ తయారు చేసుకునేవాళ్లు కీబోర్డు ఇంగ్లిషులోకి మార్చి 200సి కొట్టి, వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ఆ నంబరు మాయమై అక్షరం వచ్చేస్తుంది. ఇదంతా ఎవరు పడతారని చాలామంది మధ్యలో స్పేస్ కొట్టేస్తారు. తెరమీద బాగానే ఉంటుంది, కాలమ్ జస్టిఫై చేశాక చూడండి, 'ఆన్' ఒక లైను చివర, 'లైన్' కింది లైను మొదట్లో, మధ్యలో ఏమీ తెలీని పాఠకుడు.

ఒత్తులు సరిగ్గా హల్లు కింద పడకుండా పొల్లులు పొల్లులుగా విడిపోయి కనిపిస్తే మాత్రం అది వేరే జబ్బు. ఇన్‌డిజైన్ పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి, పేరాగ్రాఫ్ స్టైల్లోనే పెట్టేసుకుంటే ప్రతిసారీ వెతుక్కునే బాధ ఉండదు. ఇక పాత పేజ్‌మేకర్‌లోనే యూనికోడ్ మేటర్ పేస్ట్ చేసి ప్రశ్నార్థకాలు వస్తున్నాయేంటని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. దాని ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, యూనికోడ్ దానికి రాదు, దాన్ని తిట్టి లాభం లేదు.

ఇప్పుడు భాష సంగతి. 'సాఫ్ట్‌వేర్' అనే మాటనే దగ్గరగా చూడండి, మీ అనుమానమంతా ఇందులోనే ఉంది. 'సాఫ్ట్' లోపల ఫకారానికి టావత్తు పడాలి, ఆ రెండూ ఒకే మాటలో పక్కపక్కన పలికేవి. 'సాఫ్ట్' అయిపోయాక 'వేర్' అనే ఇంకో మాట మొదలవుతుంది, ఆ అతుకు దగ్గర పొల్లు కనపడాలి. నాన్-జాయినర్ లేకపోతే ఏమవుతుందంటే, ఫకారం కింద టావత్తు, దానికింద వావత్తు, పండగ రోజుల్లో బస్సెక్కినట్టు ఒకదాని మీద ఒకటి, అది చాలదన్నట్టు 'వే'కి ఉండాల్సిన ఏత్వం వెళ్లి ఫకారం నెత్తిన కూర్చుంటుంది. కంటికి ముందు 'ఫే' కనిపిస్తుంది. 'ఆన్లైన్'లోనూ అంతే, ఐత్వం లకారానిది, కూర్చున్నది నకారం మీద. చదివేవాడు ఒక్క క్షణం తడబడతాడు. తప్పు ఏమైనా ఉంటే ఆ తడబాటే. ఛందస్సు లెక్కలో చూస్తే తేడా ఏమీ లేదు లెండి, పొల్లు పెట్టినా ఒత్తు పెట్టినా 'ఆ' గురువే, పద్యం కట్టేవాడికి పోయేదేం లేదు. కన్నుకే ఇబ్బంది.

కాబట్టి మాట లోపల ఒత్తు, రెండు మాటలు అతికిన చోట పొల్లు. 'మాస్టర్'లో టావత్తు సబబు, 'ఇన్‌స్టాల్'లో 'ఇన్' తర్వాత పొల్లు ఉండాలి. 'పెన్‌డ్రైవ్' కూడా ఇంతే, దాన్ని 'పెండ్రైవ్' అని సున్నా పెట్టి రాసినవాళ్లనీ చూశాను, పెండ్లి గుర్తొచ్చింది.

అయితే అన్నిటికీ నాన్-జాయినర్ పెట్టుకుంటూ పోవాలా అంటే, అక్కర్లేదు. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. హల్లుతో ముగిసే మాట ఏ ఊరినుంచి వచ్చినా చివర ఒక ఉకారం తగిలించి ఇంట్లోకి రానిస్తాం. సంస్కృతం దిక్ మనకు దిక్కు, వాక్ వాక్కు, మరుత్ మరుత్తు. అదే దారిలో ఇంగ్లిషు బస్ బస్సు, కప్ కప్పు, పెన్ పెన్ను, కార్ కారు, కోర్ట్ కోర్టు. ఇంగ్లిషు మాటలో హ్రస్వం ఉంటే చివరి హల్లు రెట్టించడం, దీర్ఘం ఉంటే రెట్టించకపోవడం మామూలు, రోడ్డు మాత్రం దారి తప్పింది. మీ వ్యాపారంలోనే ఇంకా మంచి ఉదాహరణ ఉంది. రొట్టెల పండగ వచ్చిందంటే నెల్లూరు నిండా మీబోటివాళ్లు వేసిన ఫ్లెక్సీలే. ఇంగ్లిషువాడి మాట 'ఫ్లెక్స్'. 'ఫ్లెక్స్‌లు' అనలేక జనమే చివర ఒక ఈకారం పెట్టేసుకుని ఫ్లెక్సీలు అన్నారు, ఏ వ్యాకరణ పండితుణ్ణీ అడగలేదు.

ఇందులో మీకు పనికొచ్చేది ఏంటంటే, 'కోర్ట్లో', 'పార్క్లో', 'బ్యాంక్లో' అని మేటర్ వచ్చిందనుకోండి, నాన్-జాయినర్ వెతుక్కోకుండా కోర్టులో, పార్కులో, బ్యాంకులో అని దిద్దేయండి. ఏ ఫాంటులోనైనా, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా, ఎన్నిసార్లు కాపీ పేస్ట్ చేసినా చెదరదు. నాన్-జాయినర్ అట్టా కాదు, ఒక ఫాంటు మేటర్ని ఇంకో ఫాంటులోకి మార్చే కన్వర్టర్లు కొన్ని దాన్ని మింగేస్తాయి. ఇంకా ఉకారం అలవాటుపడని మాటలకీ, పొడి అక్షరాల పేర్లకీ మాత్రం అది తప్పదు. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ ఉంది కదా, 'షార్‌లో ఉద్యోగం' అని రాయాలి, 'షార్లో' అంటే అదేదో ఊరనుకుంటారు. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లా లెక్కలోకి పోయింది గానీ, మనకు అలవాటైన ఉదాహరణ అదే.

మరి 'నెల్లూర్లో' తప్పా? కాదు. ఇక్కడే లెక్చరర్ గారు తొందరపడ్డారు. ఊరిలో అనేదాన్ని ఊర్లో అంటాం, ఊళ్లో అంటాం. నెల్లూరులో నెల్లూర్లో అయింది, ఒంగోలులో ఒంగోల్లో అయింది. మధ్యలో అచ్చు జారిపోయి రెండు హల్లులు కలిసిన తెలుగు మాట ఇది, కంప్యూటరు చేసిన పని కాదు. రాతలో 'నెల్లూరులో' అని ఉంటే నాకు ఇంకా ఇష్టమే, కానీ 'నెల్లూర్‌లో' అని పొల్లు పెట్టి విడదీయడం మాత్రం కుదరదు, మనవాళ్లెవరూ అక్కడ ఆగి పలకరు. 'పోస్టర్లు', 'ఆపరేటర్లు' కూడా అంతే. పేరుకి పేర్లు, వేరుకి వేర్లు ఎట్టా వచ్చాయో పోస్టరుకి పోస్టర్లు అట్టా వచ్చింది.

ఇంకో హెచ్చరిక, ఇది నా కళ్లతో చూసింది. ఒక సావనీర్ ప్రూఫు నా దగ్గరికి వచ్చింది. 'ఆన్లైన్'లాంటివి వంద ఉన్నాయని ఆపరేటరు కుర్రాడు ఫైండ్-ఛేంజ్ తెరిచి, పొల్లూ లకారమూ కలిసిన ప్రతిచోటా మధ్యలో నాన్-జాయినర్ పడేట్టు ఒక్క దెబ్బకి ఛేంజ్ ఆల్ కొట్టాడు. ఆన్‌లైన్ శుభ్రంగా వచ్చింది. దాంతోపాటు నెల్‌లూరు, పెళ్‌లి, తల్‌లి, ఇల్‌లు కూడా వచ్చాయి. పెళ్లి రెండు ముక్కలైన ఆ పేజీ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందుకని పూర్తి మాట ఇచ్చి వెతకండి, 'ఆన్లైన్' అని ఇచ్చి 'ఆన్‌లైన్'గా మార్చండి, తర్వాత 'సాఫ్ట్వేర్', తర్వాత 'వెబ్సైట్'. ఇరవై ముప్ఫై మాటల జాబితా ఒకటి రాసి పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. 'ర్లో' అని మాత్రం వెతక్కండి, ఊర్లోవాళ్లంతా విడిపోతారు.

ఒత్తు, వత్తు: నేను ఒత్తు అనే రాస్తాను. ఖ, ఘ లాంటివాటిని ఒత్తక్షరాలంటాం కదా, ఆ మాటే ఇది. కానీ లా, నా ముందు పెట్టి పలికేటప్పుడు మధ్యలో వకారం దూరి లావత్తు, నావత్తు అయిపోతుంది, బడిలో అందరం అట్టాగే నేర్చుకున్నాం, పైన నేను కూడా అట్టాగే రాశాను చూడండి. వాటినొచ్చి 'లా ఒత్తు' అని దిద్దక్కర్లేదు.

ఆ మ్యాగజైన్ ప్రూఫులో 'ఆన్లైన్', 'సాఫ్ట్వేర్' మీది సున్నాలు ఒప్పుకుని దిద్దేయండి. 'నెల్లూర్లో', 'పోస్టర్లు' మీద చుట్టినవాటికి పక్కన 'ఉంచవలెను' అని రాసి, ఈ జవాబు జతచేసి వెనక్కి పంపండి.