9 ఎంఎం, .380 పిస్టల్ తూటాల ఖాళీ కేసింగ్‌లు (పేలాక మిగిలే గొట్టాలు) కలిసిపోతే ఎలా వేరుచేయాలి?

అమెరికాలో షూటింగ్ రేంజ్‌లో ఏరుకొచ్చిన కేసింగ్‌లను మళ్లీ నింపుకునేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కే ఇది. ముందు అడుగున ఉన్న ముద్ర చదవండి. అదే అసలు ఆధారం, పొడవు రెండో పరీక్ష. 9 ఎంఎం లూగర్ కేసింగ్ సుమారు 19.15 మి.మీ., .380 ఆటోది 17.3 మి.మీ. వాటి మధ్యలో మకరోవ్ అనే మరో రకం పిస్టల్ తూటాది 18.1 మి.మీ. ఉంటుంది, అది కంటికి అంత తేలిగ్గా దొరకదు, కాలిపర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) తీయాల్సిందే. అన్నిటినీ కొలుస్తూ కూర్చోనక్కర్లేదు. బల్ల మీద వరసగా నిలబెడితే పొట్టివి అక్కడే బయటపడతాయి.

కాస్త లావుగా ఉండే .40 కేసింగ్‌లోకి 9 ఎంఎం దూరి ఇరుక్కుపోతుంది, అందుకే కడగకముందే వేరుచేయాలి. స్టీలువి అయస్కాంతానికి అంటుకుంటాయి, ఇత్తడివి అంటుకోవు. నన్నడిగితే అన్నిటికన్నా విసిగించేది .45 ఆటో: పొడవు, ముద్ర ఒకేలా ఉన్నా కొన్నిటికి పెద్ద ప్రైమర్ (అడుగు మధ్యలో ఉండి మందును అంటించే చిన్న మూత), కొన్నిటికి చిన్నది. అడుగు చూసి విడదీయడం తప్ప దారి లేదు.

ఇండియాలో మాత్రం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.