యూరియా ఎక్కువైతే వరిలో ఆకుముడత పురుగు ఎందుకు పెరుగుతుంది?

పురుగు అసలు వెతికేది నత్రజని కోసం. దాని శరీరపు ఎండు బరువులో నత్రజని సుమారు 8 నుంచి 14 శాతం. వరి ఆకులో మహా అయితే 3, 4 శాతం. ఆ తేడా పూడ్చుకోవడానికే అంత తిండి! యూరియా అంటే నత్రజని ఎరువే, అది దండిగా పడిన మడిలో ఆకు మెత్తగా, ముదురు పచ్చగా ఉంటుంది. తల్లి పురుగులు అక్కడే ఎక్కువ గుడ్లు పెడతాయి, లార్వాలూ ఎక్కువగా బతికి త్వరగా ఎదుగుతాయి.

అలాగని పైరును పస్తు పెట్టవద్దు. నత్రజని తక్కువున్న ఆకు దొరికితే లోటు తీర్చుకోవడానికి కొన్ని పురుగులు ఇంకా ఎక్కువ తింటాయి. కాకపోతే నెమ్మదిగా పెరిగి సాలీళ్లకు చిక్కుతాయి.

నాకు ముచ్చటగా అనిపించేది సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి పదార్థం. వరి దాన్ని నేల నుంచి పీల్చి ఆకులో గరుకుగా పేర్చుకుంటుంది. గీకేకొద్దీ పురుగు దవడలే అరుగుతాయి. యూరియాను దఫాలుగా వేయమనడానికి ఆకుముడత కూడా ఒక కారణం.