రెండో ఇల్లు కొనే ముందు కిరాయిదారుల అడ్వాన్స్ పక్కన పెట్టండి

ప్రశ్న: మాది బోడుప్పల్‌లో 160 గజాల్లో జీ ప్లస్ 2 ఇల్లు. ఆరు పోర్షన్లు. ఒకదాంట్లో మేముంటాం, మిగతా ఐదింటికి నెలకు 55 వేలు అద్దె వస్తుంది. నా వయసు 38. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 92 వేలు జీతం. నా భార్య గృహిణి, ఇద్దరు పిల్లలు. ఇంటి లోను ఇంకా 34 లక్షలుంది, ఈఎంఐ 36 వేలు. స్కూలు ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 58 వేలు. పొదుపంతా పై అంతస్తుకే పెట్టాం, ఆ పని పోయినేడాది పూర్తయింది. ఇప్పుడు బ్యాంకులో 2.4 లక్షలున్నాయి. మా పక్క కాలనీలో నాలుగు పోర్షన్ల ఇల్లు 68 లక్షలకు అమ్మకానికి వచ్చింది. దానికి నెలకు 30 వేల అద్దె ఉంది. బ్యాంకు 54 లక్షలిస్తానంది, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు ఈఎంఐ 46,900. మిగతా సొమ్ముకూ రిజిస్ట్రేషన్‌కూ కలిపి 19 లక్షలు కావాలి. అందులో 11 లక్షలు పర్సనల్ లోన్, ఐదేళ్లకు ఈఎంఐ 25 వేలు. 8 లక్షలు మా ఆవిడ బంగారం మీద తీసుకుంటాను. అన్నీ పోను నెలకు 11 వేలు మిగులుతున్నాయి, పన్ను కూడా తగ్గుతుంది. నెలాఖరులోగా బయానా ఇవ్వమంటున్నారు. కొనమంటారా?

జవాబు: వద్దు. బయానా అసలే ఇవ్వకండి. అగ్రిమెంటు రాసుకుని మూడు నెలల్లో రిజిస్ట్రేషన్‌కు డబ్బు కుదరకపోతే ఆ బయానా కోసం కూడా తగువు పడాల్సి వస్తుంది.

మీ ఉత్తరాన్ని ఇక్కడ తీసుకోవడానికి కారణం ఉంది. సొంతింటి మీద పోర్షన్లు వేసి, రెండు మూడేళ్లు అద్దెలు చూశాక చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. అద్దెను ఒకటో తారీఖున ఠంచనుగా పడే జీతంలా లెక్కేస్తారు. దాన్ని చూపించి అప్పు మీద అప్పు తెస్తారు. చేతిలో మాత్రం రెండు నెలలకు సరిపడా డబ్బు కూడా ఉండదు.

ముందు మీ 2.4 లక్షల సంగతి చూద్దాం. ఐదుగురు కిరాయిదారుల దగ్గర రెండేసి నెలల అడ్వాన్స్ తీసుకుని ఉంటారు. మన హైదరాబాద్‌లో మామూలుగా జరిగేది అదే. ఐదు పోర్షన్లకు అది 1.1 లక్షలు. ఆ డబ్బు మీది కాదు. వాళ్లు ఖాళీ చేసిన రోజు చేతిలో పెట్టాల్సిన బాకీ అది. అది తీసేస్తే మీకంటూ ఉన్నది 1.3 లక్షలు. మీ ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే ఇప్పటికే నెలకు 94 వేలు. అంటే ఈ రోజు మీ ఉద్యోగానికి ఏమైనా అయి, అద్దెలు కూడా ఆగితే మీ సొంత డబ్బు నెలన్నర కూడా ఆగదు. రెండో ఇల్లు కొంటే నెలకు 1.66 లక్షలు కట్టాలి. అప్పుడు అదే డబ్బు ఒక్క నెలకు కూడా చాలదు. ఈ పరిస్థితిలో పెద్ద అప్పు నెత్తికెత్తుకోవడం నాకు ఏ కోణంలో చూసినా తప్పుగానే కనిపిస్తోంది.

ఇప్పుడు మీరు మిగులుతుందన్న 11 వేలు. బంగారం లోను వడ్డీని ఇందులో కలపలేదు, ఏడాది చివర ఒకేసారి కట్టొచ్చని చెప్పి ఉంటారు. తొమ్మిదిన్నర శాతం వేసుకున్నా 76 వేలు. నెలకు 6,300. మిగులు 4,800కి దిగింది. కొత్త ఇంటితో కలిపి తొమ్మిది పోర్షన్లవుతాయి. ఒక్కో పోర్షన్ ఏడాదిలో ఒక్క నెల ఖాళీగా ఉందనుకుందాం. పోయేది 85 వేలు, నెలకు 7,100. లోటు మొదలైంది. గోడలకు సున్నం, రిపేర్లు, ఇంటి పన్ను, మోటారు వగైరాలకు అద్దెలో పదో వంతు పక్కన పెట్టమని నేను ప్రతి ఇంటి యజమానికీ చెబుతాను. అది 8,500. మీ మిగులు 11 వేలు కాస్తా దాదాపు 11 వేల లోటుగా తేలింది. బంగారం లోను అసలు 8 లక్షలు దేంతో తీరుస్తారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఒక నెల ఖాళీ అనేది నేను భయపెట్టడానికి వేసిన లెక్క కాదు. స్కూళ్లు అయిపోగానే మే నెలాఖరుకు కుటుంబాలు ఇళ్లు మారతాయి. ఆ వెంటనే ఆషాఢం వస్తే కొత్తవాళ్లు చూసి వెళ్తారు, నచ్చిందంటారు, శ్రావణంలో దిగుతామంటారు. మూఢం వస్తే అదీ వెనక్కి పోతుంది. అడ్వాన్స్ ఇచ్చి పట్టి ఉంచుకుంటే ఫరవాలేదు. చాలామంది ఇవ్వరు. పాత కిరాయిదారుకు మాత్రం తాళం చెవి ఇచ్చిన రోజే అడ్వాన్స్ తిరిగి కావాలి, ఎందుకంటే అది కొత్త ఇంటి ఓనరుకు కట్టాలి. ఒకేసారి రెండు పోర్షన్లు ఖాళీ అయితే ఆ వారంలోనే మీకు 44 వేలు చేతిలో ఉండాలి. గోడలకు సున్నం, పాడైన నల్లాలు, గీజరు సరిచేయించడం దాని మీద అదనం.

ఏప్రిల్‌లో బోరు మోటారు కాలిపోయిందనుకోండి. పైపులు పైకి లాగడానికి మనుషులు, కేబులు, వైండింగ్ లేదా కొత్త మోటారు, పని అయ్యేదాకా రోజూ ట్యాంకరు. ఆరు కుటుంబాలకు ఆ సాయంత్రానికే నీళ్లు కావాలి, మీ జీతం పడేదాకా ఎవరూ ఆగరు. బోరే ఎండిపోతే కొత్తది వేయించడానికి లక్ష దాటుతుంది, నీళ్లు పడతాయన్న హామీ కూడా ఉండదు. 2024 ఎండాకాలంలో నగరంలో ట్యాంకర్ల కోసం జనం ఎంత తిప్పలు పడ్డారో మీరూ చూసే ఉంటారు. అలాంటప్పుడు ఖాతాలో డబ్బు లేని ఓనరు క్రెడిట్ కార్డు గీకుతాడు, లేదంటే చేబదులుకు పోతాడు.

2020ని కూడా గుర్తు చేయాలి. అమీర్‌పేట, కూకట్‌పల్లి, మాదాపూర్ గల్లీల్లో గేటు గేటుకూ టులెట్ బోర్డులు వేలాడాయి. రిజర్వ్ బ్యాంకు ఆరు నెలల పాటు ఈఎంఐ వాయిదా అవకాశం ఇచ్చింది కానీ వడ్డీ ఆగలేదు, అది అసలులో కలిసింది. ఆ ఏడాది అద్దెల మీదే ఈఎంఐ కట్టుకుంటూ వచ్చినవాళ్లలో కొందరు చేతిలో నిల్వ లేక ఇల్లు అమ్మకానికి పెట్టి, అడిగినంతకు ఇచ్చేయాల్సి వచ్చింది. నిల్వ ఉన్నవాళ్లు అద్దె కాస్త తగ్గించుకుని నిలబడ్డారు.

మార్జిన్ డబ్బు, అంటే బ్యాంకు ఇచ్చేది పోను మనం పెట్టుకోవాల్సిన సొమ్ము, దాని కోసం పర్సనల్ లోన్ తీసుకోవడం గురించి. ఇది వింటేనే నాకు కోపం వస్తుంది. ఇంటి లోను 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. మిగతాది సొంతంగా తెచ్చుకోగలిగితేనే మీకు ఆ ఇల్లు కొనే స్తోమత ఉన్నట్టు. ఆ మిగతాది కూడా అప్పే తెస్తే, రిజిస్ట్రేషన్‌తో కలిపి 73 లక్షల ఇంట్లో మీ రూపాయి ఒక్కటీ లేదు. ఇంటి లోను శాంక్షన్ అయ్యాక పర్సనల్ లోన్ తీసుకోండి, బ్యాంకుకు తెలియదు అని మీ ఏజెంటు చెబితే నమ్మకండి. 2025 జనవరి నుంచి లోన్ల వివరాలు కనీసం 15 రోజులకోసారి సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలకు చేరుతున్నాయి. చెక్కు ఇచ్చే ముందు బ్యాంకు మళ్లీ చూస్తే ఇంటి లోను ఆగుతుంది, మీ బయానా పోతుంది, పర్సనల్ లోన్ ఈఎంఐ మాత్రం మిగులుతుంది.

ఇక బంగారం. ఇంట్లో ఉన్న ఆఖరి ఆసరా అది. ఆసుపత్రి అవసరం వచ్చి, వేరే దారి లేక, తక్కువ వ్యవధికి పెట్టాల్సింది. మార్జిన్ డబ్బు కోసం దాన్ని కుదువ పెట్టేస్తే నిజంగా అవసరం వచ్చిన రోజు ఏం పెడతారు? గడువుకు కట్టలేకపోతే వేలం నోటీసు వస్తుంది. మీ ఆవిడ సరే అన్నారని రాశారా, నాకైతే కనిపించలేదు. ఈ లెక్కంతా ఆవిడ ముందు పెట్టండి.

లోను వడ్డీ 8.5 శాతం. కొత్త ఇంటి అద్దె, మొత్తం ఖర్చు మీద ఖాళీలూ రిపేర్లూ తీయకముందే ఐదు శాతం లోపు. ఆ తేడా మీ జీతంలోంచే వెళ్తుంది. స్థలం ధర పెరుగుతుందంటారా, పెరగొచ్చు, కానీ పెరిగిన ధరతో ఐదో తారీఖు ఈఎంఐ కట్టలేం.

పన్ను తగ్గుతుందన్న మాట కొంతవరకే నిజం. కొత్త పన్ను విధానంలో ఉంటే, లోను వడ్డీ అద్దెను మించినప్పుడు వచ్చే అద్దె ఇంటి నష్టాన్ని జీతంలోంచి తీసేసుకోవడం కుదరదు, ఒక ఇంటి నష్టాన్ని రెండో ఇంటి అద్దె ఆదాయంతో సర్దుకోవచ్చు, అంతే. పాత విధానంలోనూ జీతంతో సర్దుకునేది ఏడాదికి 2 లక్షల వరకే.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. రేపే వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి 1.1 లక్షల అడ్వాన్స్ అందులో వేయండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి. తర్వాత ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి 5.64 లక్షలు, ఇంటి కోసం మూడు నెలల అద్దెకు సమానంగా 1.65 లక్షలు జమ చేయాలి. అడ్వాన్స్‌తో కలిపి 8.4 లక్షలు కావాలి, ఉన్నది 2.4. ఇప్పటి లెక్కన మీకు నెలకు 53 వేలు మిగలాలి. అందులో 40 వేలు పక్కన వేస్తే పదిహేను నెలల్లో పూర్తవుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్, లిక్విడ్ ఫండ్ చాలు. చీటీని ఈ లెక్కలో చేర్చకండి, మీకు అవసరమైన నెలలోనే పాట మీకు దక్కుతుందని చెప్పలేం.

మిగతా 13 వేలలో బీమా. మీ ఉత్తరంలో బీమా ఊసే లేదు, 34 లక్షల అప్పు ఉన్నవారికి ఇది పెద్ద లోపం. కోటిన్నరకు టర్మ్ పాలసీ తీసుకోండి. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ డబ్బు అప్పులవాళ్లకు పోకుండా భార్యాపిల్లలకే చేరుతుంది. దరఖాస్తు చేసేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు. ఆఫీసు వాళ్లిచ్చే హెల్త్ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి కుటుంబానికి విడిగా ఒకటి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోండి. అగ్ని ప్రమాదం, వరద లాంటివాటితో ఇల్లు నివాసానికి పనికిరాకపోతే కోల్పోయిన అద్దెకు కూడా అందులో రక్షణ ఉంది. కట్టడం ఖర్చుకే బీమా చేయించాలి, స్థలం విలువ కలపకండి.

ఈ 8.4 లక్షల నిధి పూర్తయ్యాక మిగిలే డబ్బుతో పాత లోను తగ్గించుకోవచ్చు, మారుతూ ఉండే ఫ్లోటింగ్ వడ్డీ అయితే ముందే కట్టినా పెనాల్టీ ఉండదు. లేదా మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా సిప్ చేస్తూ రెండో ఇంటి మార్జిన్ పోగు చేసుకోవచ్చు, కొనడానికి ఐదారేళ్ల వ్యవధి ఉంటేనే.

ఆ రోజు వచ్చినప్పుడు మూడు చూడండి. మార్జిన్, రిజిస్ట్రేషన్ డబ్బు రెండూ మీ సొంతం కావాలి. వచ్చే అద్దెలో మూడో వంతు కోసేసినా ఈఎంఐ కట్టగలగాలి. అమ్మేవారి ప్లాను కాగితం చేతిలోకి తీసుకుని అంతస్తులు లెక్కపెట్టండి, పోర్షన్‌కో కరెంటు మీటరు ఉందో లేదో గోడ దగ్గరికి వెళ్లి చూడండి. ప్లానులో లేని అంతస్తు మీద వచ్చే అద్దెను లెక్కలో వేసుకోవద్దు. పదిహేను నెలల్లో ఈ ఇల్లు ఇంకెవరో కొనేస్తారు, కొననివ్వండి. బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు ఇలాంటివి మళ్లీ వస్తాయి.